అమ్మవారును మునిసిపాలిటీయును: ఒక విశాఖ కథాపరిశీలనము

విశాఖపట్టణపు పాతబస్తీలో, బురుజుపేట కనకమహాలక్ష్మినిగూర్చి చెప్పుకొను కథలో 1917వ సంవత్సరమునకు ప్రత్యేకస్థానము కలదు. బావిలో దొరకిన విగ్రహము వీధి నడుమ నుండెననియు, రోడ్డు వేయుటకై మునిసిపాలిటీవారు దానిని ముప్పదియడుగుల దూరమునకు జరిపిరనియు, అంతట ప్లేగు చెలరేగి పలువురు మరణించిరనియు, విగ్రహమును పూర్వస్థానమున నిలుపగా వ్యాధి శమించెననియు ఆ కథ. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయువారును, మహిమ యని చేతులు జోడించువారును కలరు. కథను కథగా చదివినవారు తక్కువ.

దీనికి ప్రతికథ సర్కారు కాగితములలో నున్నది. ఇంగ్లండులో చాడ్విక్ నివేదిక 1842లో వెలువడెను. 1848లో ప్రజారోగ్యశాసనము వచ్చెను. ఆ భావములే మద్రాసు రాజధానిలో 1865 నాటి పట్టణాభివృద్ధి శాసనమున కనబడును. మరుసటి యేడు విశాఖ మునిసిపాలిటీ యయ్యెను. వీధి వెడల్పుగా నుండవలెను, గాలియు వెలుతురును ధారాళముగా ప్రసరింపవలెను అనునది విక్టోరియా యుగపు పారిశుద్ధ్యసూత్రము. ఆ రాణి 1901లో మరణించినది. బురుజుపేట రోడ్డు ఏ యుద్దేశముతో వేయబడినను, వీధిని సరిచేయుట పట్టణమునకు మేలను విశ్వాసము మాత్రము ఆమె కాలమునాటిదే.

ఈ రెండు కథలును పైకి తోచునంత దూరమున లేవని మా అభిప్రాయము. చాడ్విక్ మొదలగువారు కుళ్ళునుండి లేచు దుర్వాయువే రోగకారణమనిరి. 1854లో జాన్ స్నో లండనునందలి ఒక నీటిపంపును వేలెత్తి చూపినను వారి మతము వెంటనే మారలేదు. వారికి రోగము చెడిన స్థలమునుండి పుట్టును. బురుజుపేటవారికి చెరుపబడిన స్థలమునుండి పుట్టును. ప్లేగు క్రిమిని 1894లో యెర్సిన్ కనుగొనెను. ఎలుకమీది మిన్నల్లి దానిని మోయునని 1898లో సిమోండ్ చెప్పెను. వినాయకునకు వాహనమైన ఎలుక ఈ అమ్మవారి కథలో మాత్రము చోటు సంపాదింపలేకపోయినది! శాస్త్రదృష్టిచే కథ ఓడిపోవుననుట నిజము; విగ్రహము వెనుకకు వచ్చినంతమాత్రమున ప్లేగు పోదు. కాని కథలోని అసలు తగవు వ్యాధినిగూర్చినది కాదు. వీధి ఎవరిది, దానిని కదలించునప్పుడు ఎవరినడుగవలెను అనునదే తగవు. ఫిర్యాది వీధిజనము, ముద్దాయి మునిసిపాలిటీ, సాక్ష్యము ప్లేగు. తీర్పు వీధిజనము పక్షముననే వచ్చినది. గర్భగుడికి పైకప్పు లేకుండుటయు, భక్తులు స్వయముగా అమ్మవారిని తాకి పూజించుటయు ఈ తీర్పుతో పొసగుచున్నవి.

పదములును కొంత చెప్పును. తెలుగున ‘అమ్మవారు’ దేవతయు, మశూచియు. వాంతిభేదులకు మరిడమ్మ. రోగమునకు బంధుత్వము కల్పించిన భాష యిది. ‘శౌచము’ ఒక్కొక్కని దేహమునకు సంబంధించినది. ‘పారిశుద్ధ్యము’ పట్టణమునకు సంబంధించినది. ఈ రెంటినడుమ నిలిచిన మనిషికి భాష యిచ్చినది ‘పాకీ’ యను హీనమైన పిలుపు. లండనులో బాజల్‌గెట్ కట్టించిన భూగర్భపు తూములు చేసిన పనిని మన పట్టణములలో మనుష్యుని చేయియు, తట్టయు చేసినవి. ఆ చేయి ఏ కులమువారిదో వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ పనిని నిషేధించు శాసనము 1993లో గాని రాలేదు. 2013లో మరియొకటి కావలసివచ్చినది.

సర్కారు కాగితములలో ఈ మనిషి జీతపుపద్దుగా కనబడును. అమ్మవారి కథలో అట్లైనను కనబడడు. కథ చెప్పువారు ‘మునిసిపాలిటీవారు జరిపిరి’ అందురు. మునిసిపాలిటీకి చేతులు లేవు. ముప్పదియడుగులు విగ్రహమును మోసినవారెవరు, ప్లేగు శవములను వీధినుండి తీసినవారెవరు, తిరిగి అమ్మవారిని మోసికొనివచ్చినప్పుడు వారిని దగ్గరకు రానిచ్చిరా? మేము విన్న కథలో దీనికి జవాబు లేదు. ఆ చేతులు కలవారి యిండ్లలో ఈ కథ మరొక రీతిగా చెప్పబడుచున్నదేమో, అక్కడికి పోయి వినవలసియున్నది.