మూసేముందు చూడండి

తొలకరి వానలు పడ్డ పది రోజులకు మా కారు ఎడమవైపు వెనక చక్రం పైన, రంగు కింద చిన్న పొక్కు లేచింది. శనగగింజంత ఉంటుంది. వారం తిరిగేసరికి దాని పక్కనే మరో నాలుగు లేచాయి. బొటనవేలితో అదిమితే ఒకటి లోపలికి దిగబడింది. గోరు పెట్టి గీరితే రంగు పెచ్చులా ఊడి, కింద బూడిదరంగు లప్పం, దాని అడుగున తడిసిన తుప్పు బయటపడ్డాయి. ఇంట్లో పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం ఒకటుంటే, దానికి జేబురుమాలు చుట్టి బండి ఒంటికి ఆనించుకుంటూ వచ్చాను. బానెట్ మీద గట్టిగా పట్టుకుంది. తలుపు మీద పట్టుకుంది. చక్రం పైన మాత్రం ఆనించీ ఆనించగానే జారి నేలమీద పడింది. అక్కడి నుంచి తలుపు అంచు దాకా జానెడు మేర ఎక్కడా నిలవలేదు. పద్నాలుగు నెలలు షెడ్డులో ఉంచి బాగుచేయించుకుని తెచ్చుకున్న బండి అది. ఇంటికొచ్చి ఏడు నెలలే అయింది.

ఆ కారు మా నాన్నగారిది. 1974 మోడల్ ప్రీమియర్ పద్మిని. మా వైపు దాన్ని పద్మిని అన్నవాళ్లు తక్కువ, అందరికీ ఫియట్టే. అలా అనడం తప్పూ కాదు. ఇటలీ ఫియట్ కంపెనీ 1100 మోడల్‌ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి ‘డిలైట్’ పేరుతో తయారుచేశారు. అదే తర్వాత ‘ప్రెసిడెంట్’ అయింది, ఆ తర్వాత ‘పద్మిని’ అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు, ముందు కూడా బల్లలా ఒకటే సీటు. ఆ ముందుసీట్లో అమ్మానాన్నల మధ్య కూర్చుని నేను ఎన్నో పెళ్లిళ్లకు, రెండు పుష్కరాలకు వెళ్లాను. బొంబాయి వీధుల్లో నలుపు పసుపు టాక్సీలుగా తిరిగిన పద్మినుల్లో ఆఖరుది 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. నాన్నగారు పోయాక ఆరేళ్లు పెరట్లో రేకుల కింద ఉండిపోయిన మా బండిని మళ్లీ నడిపించాలన్నది అమ్మ కోరిక. నాకైతే కోరికకన్నా ఎక్కువ.

మాది విజయవాడ. బండి పనికి ఈ ఊళ్లో మనుషులకు కొదవ లేదు. లారీ బాడీలు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో ఆటోనగర్‌కి వస్తారు. అలాంటి ఊళ్లో ఒక షెడ్డుకు బండి అప్పగించి, టింకరింగు, పెయింటింగు, ఇంజను అన్నీ కలిపి గుత్తకు మాట్లాడుకున్నాను. నెలకోసారి వెళ్లేవాణ్ని. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక భాగం అప్పటికే రంగు కొట్టి మెరుస్తూ ఉండేది. అది చూసి సంతోషంగా తిరిగొచ్చేవాణ్ని.

పొక్కులు లేచాక బండిని మరో పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కుర్రతనం నుంచి ఫియట్ల మీదే చెయ్యి తిరిగిన టింకరింగు మేస్త్రి. డెబ్బైకి దగ్గర పడుతున్నారు. ఆయన చుట్టూ తిరిగి, వేలి కణుపులతో రేకు మీద కొట్టుకుంటూ వెళ్లారు. కొన్నిచోట్ల ఖంగుమంది, కొన్నిచోట్ల గోడ మీద కొట్టినట్టు దబ్‌మంది. “పైకి చూసి ఏమీ చెప్పలేనండీ. ఊడదియ్యాలి. ఎంత ఊడదీస్తే అంత తెలుద్ది” అన్నారు.

ఊడదీశాం. చక్రం పైన లప్పం నా చిటికెనవేలి గోరు వెడల్పంత మందాన ఉంది. లప్పం చెడ్డదేమీ కాదు. రేకుని సుత్తితో, డాలీతో సాపు చేశాక మిగిలే చిన్న చిన్న సొట్టల మీద రెండు మూడు మిల్లీమీటర్లు పట్టిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ తుప్పు తిన్న చోట రేకు కోసి కొత్త రేకు అతకడానికి బదులు కన్నం మీద లప్పం పూస్తే, ఆ లప్పం వెనక నుంచి తేమ పీల్చుకుంటుంది. చక్రం విసిరే నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. పైన రంగు బిగదీసి ఉంటుంది కాబట్టి తడి బయటికి పోదు. తుప్పు లోపలే పెరుగుతూ ఒకనాడు రంగుని పైకి నెడుతుంది. మనకు కనిపించే పొక్కు ఆ జబ్బుకి చివరి దశ.

లప్పం చెక్కేకొద్దీ కన్నం పెద్దదవుతూ వచ్చింది. చివరికి లోపల ముద్దచేసి కుక్కిన కాగితం ఉంది. లప్పం లోపలికి జారిపోకుండా అడ్డు పెట్టిన కాగితం. మేస్త్రిగారు దాన్ని పటకారతో బయటికి లాగి నా చేతిలో పెట్టారు. తడికి మెత్తబడిన తెలుగు దినపత్రిక. జాగ్రత్తగా విప్పితే పేజీ పైన తేదీ చదవడానికి వచ్చింది. బండి ఆ మొదటి షెడ్డులో ఉన్న నెలే. అంతవరకూ ఇదేదో నాన్నగారి కాలంనాటి పాత రిపేరేమో అని నాలో ఒక ఆశ ఉండేది. ఆ తేదీ చూశాక అదీ పోయింది. ఆ కన్నం వాళ్లు చూశారు. చూసి, కాగితం కుక్కి, రంగు కొట్టి, ఆ నెల నేను వెళ్లినప్పుడు అదే భాగాన్ని నాకు చూపించారు. నేను బాగుందన్నాను.

అసలు దెబ్బ దానికింద ఉంది. జాకీ పెట్టి బండిని ఎడమవైపు లేపితే ఆ వైపు తలుపు తెరుచుకోవడం లేదు. జాకీ దించితే తెరుచుకుంటోంది. అంటే బండి నడుం వంగుతోంది. లారీకి ఉన్నట్టు ఫియట్‌కి కింద విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల్ని మడిచి అతికి కట్టిన బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగాటి పెట్టెలాంటి రేకుదూలం సాగుతుంది. బరువంతా మోసేది అదే. నీళ్లు నిలిచి ముందుగా తుప్పు పట్టేదీ అదే. దాన్ని మార్చాలంటే ముందు బండిని సమంగా నిలబెట్టి, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప గొట్టం వెల్డు చేసి, ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకోవాలి. మొదటి షెడ్డులో ఏ ఆసరా లేకుండా రెండువైపులా ఒకేసారి కోశారు. బాడీ కొద్దిగా కుంగింది. ఆ కుంగిన తీరులోనే కొత్త రేకు అతికారు. తలుపులు పట్టకపోతే తలుపుల అంచులు అరగదీశారు. లోపలి పొరను మార్చనేలేదు. దాని మీద నూనెడబ్బా రేకు ముక్కలు రివెట్లు కొట్టి, తారులాంటి నల్లరంగు పూశారు.

ఇంజను సంగతీ ఇలాంటిదే. బోరుకొచ్చింది కాబట్టి బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాం. వెయ్యి కిలోమీటర్లు తిరక్కముందే నీలం పొగ మొదలైంది. ఆయిలు పోసే మూత విప్పితే లోపల మజ్జిగలాంటి తెల్లటి నురగ. నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయన్నమాట. ఫియట్‌కి కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. హెడ్డు బిగించేటప్పుడు మధ్య నట్లతో మొదలుపెట్టి రెండువైపులా చివరలకు వెళ్లాలి. అదీ ఒక్కసారిగా కాదు, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో కొలిచి బిగించాలి. చేతికందిన నట్టు అందినట్టు బలం కొద్దీ బిగిస్తే ఆ మెత్తటి హెడ్డు వంగుతుంది, గాస్కెటు ఒకచోట నలిగి ఒకచోట వదులవుతుంది. మాది అలాగే వంగింది. పిస్టన్లు బయటికి తీస్తే రెండింటికి రెండో రింగు తలకిందులుగా ఉంది. పైకి ఉండవలసిన వైపు ‘టాప్’ అని చిన్న అక్షరాల్లో గుర్తు కొట్టి ఉంటుంది. ఆ అక్షరాలు కిందికి చూస్తున్నాయి. ఆయిల్ని కిందికి గీకవలసిన రింగు పైకి తోస్తోంది. అక్షరం చూసి వేయడానికి అర నిమిషం పట్టదు.

వైరింగు గురించి ఒక్క మాటే చెబుతాను. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు పదకొండు దొరికాయి. ఫ్యూజు ఉండవలసిన ఒకచోట మామూలు తీగ ఉంది. ఆ బండిలో అమ్మని కూర్చోబెట్టుకుని నేను గుంటూరు వెళ్లొచ్చాను.

డబ్బు సంగతి అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. పోయిన డబ్బు మళ్లీ సంపాదించవచ్చు. పోయిన లోహాన్ని తేలేం. వంగిన హెడ్డుని ఫేసింగు కొట్టించి సాపు చేశాం. అలా కొట్టిన ప్రతిసారీ కొంత మందం తగ్గుతుంది, దానికీ ఒక హద్దుంది. అరగదీసిన తలుపు అంచులు కుర్లాలో యాభై ఏళ్ల కిందట అచ్చులో దిగినవి. అవిక రావు. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకంగా వింటేజ్ నంబరు ఇచ్చే ఏర్పాటు చేసింది. బండి అసలు రూపంలోనే ఉండాలని, ఛాసిస్‌కి, బాడీకి, ఇంజనుకి పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని అందులో షరతు ఉంది. ఆ షరతు వెనక ఉన్న ఆలోచన నాకు ఇప్పుడు బాగా అర్థమైంది. పాతబండి అంటే ఒక కాలం మనుషుల చేతిపనికి సాక్ష్యం. తుప్పు ఆ సాక్ష్యాన్ని నెమ్మదిగా తింటుంది. చెడ్డ రిపేరు ఒక్క మధ్యాహ్నంలో చెరిపేస్తుంది.

ఇందులో నా పాలు కూడా ఉంది, దాన్ని దాచను. గుత్తకు ఇచ్చింది నేనే. గృహప్రవేశం నాటికి బండి గుమ్మం ముందు ఉండాలని తొందరపెట్టింది నేనే. బేరమాడి తగ్గించిన పదివేలు ఎక్కడో ఒకచోట తగ్గుతాయని ఆలోచించలేదు. గుత్తపనిలో కనిపించేదానికే కూలి గిడుతుంది. రేకుదూలం లోపలి పొర నాలుగు రోజుల పని, దానికి ఎవరూ భేష్ అనరు. రంగు ఒక్కరోజు పని, అందరూ అంటారు. ఆ షెడ్డులో పనిచేసిన కుర్రాళ్లకి చేతకాక కాదు. ఇంజను బిగించిన అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయి. అతనికి టార్క్ రెంచి ఎవరూ చేతికివ్వలేదు, రింగు మీద అక్షరం ఎందుకుందో పక్కన నిలబడి ఎవరూ చెప్పలేదు. ఫియట్లు ఎరిగిన మేస్త్రులు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. ఆ విద్య కుర్రాళ్ల చేతికి దిగకుండానే పోతోంది. నాకు బండి గురించి ఉన్న బాధకన్నా దీని గురించిన బాధ పెద్దది.

పెద్దమేస్త్రిగారు దినకూలి మీద చేశారు. మొదటి నెలంతా ఊడదీయడమే సరిపోయింది. లప్పం మొత్తం గీకి, కోసిన అంచులన్నీ పచ్చి ఇనుము కనిపించేదాకా తీసి, బాడీని సమంగా నిలబెట్టి, తలుపు ఖాళీల్లో గొట్టాలు అడ్డం కట్టి, ఒక్కొక్క ముక్కా ముందు అట్ట మీద కత్తిరించుకుని, ఆ కొలతకి రేకు మడిచారు. పాత రేకు ఎంతవరకు బాగుందో అంతవరకు ఉంచేశారు. ఒకచోట నేను “ఇదీ మార్చేద్దామా?” అంటే, “బాగున్నదాన్ని కొయ్యడం ఎందుకండీ, నా రేకు కంటే అది మంచి రేకు” అన్నారు. అతికిన ప్రతి ముక్కకీ నేను ఫొటో తీసి తేదీ రాసుకున్నాను. రేపు ఇంకో చెయ్యి దీన్ని విప్పవలసి వస్తే ఎక్కడ ఏముందో వాళ్లకి తెలియాలి కదా.

ఒక సాయంత్రం ఫోన్ చేశారు. “ఒకసారి రాగలరా అండీ?” అన్నారు. ఏదో తేడా వచ్చిందేమోనని భయపడుతూ వెళ్లాను. ఎడమవైపు రేకుదూలం లోపలి పొర పూర్తయింది. వెల్డింగు చుక్కలు వరసగా కుట్టుపనిలా ఉన్నాయి. లోపల రెడ్ ఆక్సైడు రెండు పూతలు, మూలల్లో సీలెంటు, నీళ్లు బయటికి పోవడానికి అడుగున కన్నాలు. అక్కడ నాకు చేయవలసిన పనేమీ లేదు, చెల్లించవలసిన డబ్బూ లేదు. ఎందుకు పిలిచారో తెలియక ఆయన మొహం చూశాను.

టార్చిలైటు నా చేతికిచ్చి, తాను ఓ పక్కకి జరిగారు.

“రేపు పైరేకు వేసేస్తానండీ. మూసేముందు చూడండి. మళ్లీ కనబడదు.”

పద్నాలుగు నెలల్లో మొదటి షెడ్డు వాళ్లు నన్ను ఎన్నోసార్లు పిలిచారు. ప్రతిసారీ మూసేశాకే పిలిచారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా చూశాను. ఆయన పక్కనే నిలబడి, నేను చూడడం పూర్తయ్యేవరకూ ఆగారు.