నీళ్లకు దుడ్లు

బ్రహ్మోత్సవాలు ముగిసిన వారానికి అహోబిలం వెళ్లాను. ఎగువకు పోయి జ్వాలా నరసింహుడి దాకా ఎక్కే ఓపిక ఇప్పుడు లేదు. దిగువన ప్రహ్లాద వరదుణ్ణి చూసుకుని, ఎప్పుడూ తినే చిన్న హోటల్లో కూర్చున్నాను. హోటలామె పెనం మీద దోసె తిప్పుతూ అడిగింది: "సారూ, మీరు గ్యాసు కంపెనీలో చేసినారంట గదా. ఈ సిలిండర్లలో నీళ్లు కలుపుతారంట, నిజమేనా? ఈసారి రెండు దినాలు ముందే అయిపోయింది."

నేను చేసింది సిలిండర్ల కంపెనీలో కాదు. గోదావరి జిల్లాల్లో పైపుల్లో వచ్చే సహజవాయువును కొలిచే పనిలో నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరై ఆళ్లగడ్డకు తిరిగొచ్చాను. ఆ తేడా వివరించబోతే దోసె మాడేటట్టుంది. "దించేటప్పుడు తూకం వేయించుకోమ్మా, అది చాలు" అన్నాను.

తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదది. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. వాటి పాళ్లు అటూ ఇటూ అయినా కిలోకు వచ్చే వేడి దాదాపు ఒకటే. కాబట్టి ఆమె 19 కిలోల సిలిండర్‌కు తూకమే సరైన కొలత. పైపులో వచ్చే వాయువు సంగతి అట్లా కాదు. అందులో ఎక్కువ భాగం మీథేన్. దానితోపాటు కొంచెం ఈథేన్, ఇంకొంచెం ప్రొపేన్, పొయ్యికి ఏ మాత్రం ఉపయోగపడని నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తాయి. ఒక ఘనపు మీటరు మీథేన్ కాలిస్తే సుమారు 9,000 కిలో క్యాలరీల వేడి వస్తుంది. అంతే ఈథేన్ అయితే దానికి ఒకటిముప్పావు రెట్లు, ప్రొపేన్ అయితే రెండున్నర రెట్లు. నైట్రోజన్‌కు సున్నా. ఇవాళ ఈ బావి, రేపు ఆ బావి కలిసి వచ్చే పైపులో ఘనపు మీటర్లు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటే ఎవరో ఒకరు మోసపోవడం ఖాయం. అందుకే అమ్మేది వాయువునైనా ధర వేసేది వేడికి. ఆ వేడికి కొలమానం ఎంఎంబీటీయూ, అంటే పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, మన లెక్కలో 2,52,000 కిలో క్యాలరీలు. స్వచ్ఛమైన మీథేన్ అయితే దాదాపు 28 ఘనపు మీటర్లు.

బ్రిటన్‌లో బొగ్గు నుంచి తీసిన గ్యాసు అమ్మిన తొలిరోజుల్లో దాని నాణ్యతను వెలుగుతో చూసేవాళ్లు, ఎన్ని కొవ్వొత్తుల కాంతి ఇస్తుందని. 1920లో చట్టం చేసి థర్మ్ లెక్కన, అంటే వేడి లెక్కన అమ్మడం మొదలుపెట్టారు. దీపం పోయి పొయ్యి వచ్చిందన్న మాట.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు వేడిని ఎట్లా కొలుస్తారో చూడాలని ఉబలాటంగా ఉండింది. గ్యాసును మండించి, చుట్టూ నీళ్లు పారించి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూసే క్యాలరీమీటర్ల గురించి చదువుకున్నాను మరి. తీరా చూస్తే మంటే లేదు! గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే పెట్టె ఉంది. చిటికెడు గ్యాసును హీలియంతో సన్నటి గొట్టంలోకి తోస్తుంది. మీథేన్ ముందు, ఈథేన్ తర్వాత, బరువైనవి ఇంకా వెనక, ఒక్కొక్కటి తన వంతు వచ్చినప్పుడు బయటికి వస్తుంది. ఏది నూటికెంత ఉందో తేలాక, ఐఎస్ఓ 6976 పట్టికలోని అంకెలతో గుణించి కూడితే వేడి లెక్క తేలుతుంది. ఇక్కడ వేడిని ఎవరూ కొలవరు, లెక్క కడతారు. ఆ రోజు నాకు కొంచెం నిరాశే కలిగింది.

లెక్క అన్నాక షరతులు వస్తాయి. ఆ షరతులు నాకు అర్థమైంది మాత్రం ఆళ్లగడ్డ కట్టెల అడితి వల్ల. చిన్నప్పుడొకసారి వానాకాలంలో అవ్వ నన్ను కట్టెలకు పంపింది. తూకానికి తెచ్చాను. అవ్వ ఒక కట్టె విరిచి చూసి, "ఏం రా, నీళ్లకు దుడ్లు పోసొచ్చినావా?" అంది. పచ్చి కట్టెలు. తూకం సరిగ్గానే ఉంది, మంటే లేదు.

గ్యాసులోనూ అంతే. నీటి ఆవిరి నిండుగా ఉన్న తడి గ్యాసు లెక్కకూ, పొడి గ్యాసు లెక్కకూ తేడా నూటికి 1.74. ఇంతేనా అనిపిస్తుంది. అమెరికాలో ఇంత చిన్న తేడా మీదనే ఉత్పత్తిదారులు, పైపులైన్ల కంపెనీలు కోర్టుకెక్కాయి. పొడి గ్యాసు లెక్క కట్టుకోవచ్చని అక్కడి నియంత్రణ సంస్థ 1980లో అంటే, కుదరదు, తడి లెక్కే కట్టాలని వాషింగ్టన్ అప్పీలు కోర్టు 1983లో కొట్టేసింది. అదనంగా తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద మెలిక 'గ్రాస్' అనే మాటలో ఉంది. గ్యాసు కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి మళ్లీ నీరైతే విడుదలయ్యే వేడిని కూడా కలిపి చెప్పేది గ్రాస్ విలువ. దాన్ని వదిలేస్తే నెట్. మీథేన్‌కు ఈ తేడా పదింట ఒక వంతు. మన పొయ్యిలో, పవర్ ప్లాంటులో ఆ ఆవిరి పొగతో పాటే పోతుంది, చేతికి రాదు. 2014 నవంబరు 1న దేశీయ గ్యాసు ధర ఎంఎంబీటీయూకు 4.2 డాలర్ల నుంచి 5.61 డాలర్లకు పెరిగిందని కొందరు రాశారు, 5.05 డాలర్లని కొందరు రాశారు. రెండూ నిజమే. మొదటిది నెట్ లెక్క, రెండోది గ్రాస్ లెక్క. పాత 4.2 నెట్ లెక్కది. దాని పక్కన 5.05 పెట్టి, ధర పెద్దగా పెరగలేదని టీ కొట్ల దగ్గర వాదించినవాళ్లను నేనెరుగుదును.

ఘనపు మీటరు కూడా నికరం కాదు. 15 డిగ్రీల దగ్గర కొలిచిన మీటరుకూ, సున్నా డిగ్రీల దగ్గర కొలిచిన మీటరుకూ నూటికి అయిదున్నర తేడా. ఒప్పందం చేతికొస్తే అందరూ ధర ఉన్న పేజీ తిప్పుతారు. నేను ముందు నిర్వచనాల పేజీ తెరుస్తాను.

అంత తెలిసీ ఒక డిసెంబరులో దెబ్బ తిన్నాను. క్రొమటోగ్రాఫ్‌కు గ్యాసు తీసుకెళ్లే సన్నగొట్టం చుట్టూ వెచ్చదనానికి ఒక తీగ ఉంటుంది. అది కాలిపోయింది. పీడనం తగ్గించే చోట గ్యాసు చల్లబడి, బరువైన భాగాలు గొట్టంలోనే చెమ్మగా ఉండిపోయాయి. యంత్రం దాకా తేలికవే వచ్చాయి. వేడి లెక్క తగ్గింది. మేం అమ్మేవాళ్లం, నష్టం మాది. రోజూ రెండు పక్షాలూ కలిసి సంతకం చేసే జాయింట్ టికెట్ మీద నేను ఆ తక్కువ అంకె కిందే సంతకాలు పెడుతూ పోయాను. చలికి గ్యాసు మారిందేమో అనుకున్నాను. ఎంత తెలివి!

తనిఖీలో బయటపడ్డాక, తీగ ఎప్పుడు కాలిందన్నది ప్రశ్న. ఎవరికీ తెలియదు. అట్లాంటప్పుడు కిందటి తనిఖీ నుంచి గడిచిన రోజుల్లో సగానికే సవరణ అని ఒప్పందంలో ఉంది. పద్నాలుగు రోజులు గడిచాయి. ఏడు రోజులకు సవరించారు. కొన్న పక్షం ఇంజనీరు టీ తెప్పించి, "పోనీయండి గురువుగారూ, సగం మీకు, సగం మాకు" అన్నాడు.

నిన్న హోటలామె ఫోన్ చేసింది. సిలిండర్ తూకం వేయించిందట, సరిగ్గా ఉందట. "పండగలకు జనం శానా వచ్చిరి గదా సారూ, దోసెలు ఎక్కువ పోసినాను. ఆ లెక్క మరిచిపోతిని" అంది.