ముక్కు కొనలో పనితనం

ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో వానాకాలం చింతచెట్ల కింద నిలబడాలంటే తలమీద గుడ్డ ఉండాల్సిందే. పైన కొంగల కాపురం, కింద రెట్టల వాన. ఊరివాళ్లు విసుక్కోరు. కొంగలొస్తేనే వానలని వాళ్ల నమ్మకం. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా వాటిని కాచుకుంటారు. సైబీరియా పక్షులని పేరు పడింది గానీ, ఇవి అంత దూరం నుంచి వచ్చినవి కావు. దక్షిణాసియా చెరువుల్లో, వరిమళ్లలో తిరిగే నత్తగుల్ల కొంగలే.

గూడు చూస్తే మొదట పెదవి విరుస్తాం. ఎండుపుల్లలు అడ్డదిడ్డంగా పేర్చిన తట్ట, లోపల కాస్త ఆకూ గడ్డీ. ఆ తట్టే రెండు నుంచి ఐదు గుడ్లనూ, తర్వాత పిల్లల పెనుగులాటనూ మోస్తుంది. ఎండ కాస్తే తల్లో తండ్రో రెక్కలు విప్పి గొడుగవుతుంది.

అసలు చూడాల్సింది ముక్కు. మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది, సరిగా పడని అడకత్తెరలా. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ అంతటివాడు కూడా గుల్లను నొక్కి పగలగొట్టే పనిముట్టే అది అనుకున్నాడు. నిజానికి గుల్ల ఆ సందులోకి రాదు. పనంతా కొనల్లోనే. కింది ముక్కు కొన తరచూ కుడివైపుకు కొద్దిగా తిరిగి ఉంటుంది. కొంగ దాన్ని గుల్ల నోట్లోకి దూర్చి, నీళ్లలోనే మాంసాన్ని బయటికి లాగేస్తుంది. ముక్కు అంచుల గరుకు, జారే గుల్లను పట్టి ఉంచడానికట. మరి సందు ఎందుకు? కొనలు ఇంకాస్త వాలుగా, బలంగా దిగడానికని ఒక ఊహ. నాకైతే అది సబబుగానే తోస్తుంది. నీళ్లలో జరిగే పని కనక చూసేవాళ్లకు చాలాకాలం చిక్కలేదు. ఒకప్పుడు నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన పక్షిశాస్త్రవేత్త జెర్డాన్, కళ్లకు గంతలు కట్టినా ఈ కొంగ నత్తను పట్టగలదని రాశాడు. చూపుతో కాదు, తడిమి చేసే పని ఇది.

ఆఫ్రికాలో దీనికి నల్లటి దాయాది ఉంది. ముక్కు అదే, తిండీ అదే. క్రూగర్ లాంటి పార్కుల్లో సఫారీ జీపులు సింహం కోసం దాన్ని దాటి వెళ్లిపోతాయి. తేలుకుంచిలో ఆ బాధ లేదు, జీపు దిగకముందే రెట్ట నెత్తిన పడుతుంది.

గూట్లో పిల్లల ముక్కులకు సందు ఉండదు, వయసుతో వస్తుంది. అది లేకుండానే నత్తలు పట్టడం నేర్చుకుంటాయి. చలికాలంలో ఊరు విడిచేటప్పుడు ఆ ఏటి పిల్లలు ముక్కు పూర్తిగా మూసుకునే ఎగిరిపోతాయి.