లాగ్‌బుక్‌లో ఒక సంతకం

నర్సింగ్ చదివే అమ్మాయికి సాయం అనగానే మనకు తోచేది ఫీజు. ఫీజు కట్టకపోతే చదువు ఆగిపోతుంది, నిజమే. కానీ ఈ చదువులో సగం తరగతిలో జరిగితే సగం వార్డులో జరుగుతుంది. వార్డులో నేర్చుకోవాలంటే పక్కన ఒక మనిషి నిలబడాలి. డబ్బునూ మనిషినీ ఒకే ఏర్పాటులో ఇమడ్చడం తేలిక కాదు. ఆ పనితనం తెలిసిన ఒక తెలుగావిడ పేరు హైదరాబాద్ లాలాపేట వాళ్లకు బాగా పరిచయమే. తార్నాక దాటి ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా విద్యానగర్ వెళ్తే, అక్కడి ఆసుపత్రికి ఆమె పేరే ఉంది: దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి చిన్నప్పుడే బడి మానేశారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లొచ్చాక మళ్లీ పుస్తకం పట్టి, బెనారస్ మెట్రిక్ పరీక్ష కట్టి, డిగ్రీ చదివి, 1942లో లా పట్టా అందుకున్నారు. ఆలస్యంగా చదివేవాళ్ల కష్టం ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభలో ఆడపిల్లలను కూర్చోబెట్టి అదే బెనారస్ పరీక్షకు తయారు చేయించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఆ అనుభవాన్నే దేశానికి పథకంగా మలిచారు. 1958లో వచ్చిన ఆ పథకమే వయోజన మహిళల కండెన్స్‌డ్ కోర్సు.

దాని అల్లిక చూడండి. ఊళ్లకు నర్సులు, మంత్రసానులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. పని చేయడానికి వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు సిద్ధంగా ఉన్నారు. మధ్యలో అడ్డం స్కూలు సర్టిఫికెట్. అది లేనిదే ఏ శిక్షణలోనూ చేర్చుకోరు. దుర్గాబాయి ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టారు. శిక్షణకు మెట్రిక్ కావాలి, మెట్రిక్‌కు బడి కావాలి, ఆ వయసులో మామూలు బడికి పోలేరు. అందుకే ఏళ్ల చదువును రెండేళ్లకు కుదించారు. ఆ రెండేళ్లూ తిండెవరు పెడతారంటే స్టయిపెండు, ఉండేదెక్కడంటే హాస్టలు. ఎక్కడ తెగుతుందో కనిపెట్టి సరిగ్గా అక్కడే ముడి వేశారు.

నర్సింగ్ చదువులో డబ్బునూ పర్యవేక్షణనూ జోడించడం అంతకు దాదాపు వందేళ్ల ముందే జరిగింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట శిక్షణాలయం తెరిచినప్పుడు, ప్రజల చందాలతో పోగైన సుమారు 45 వేల పౌండ్ల నిధి దానికి దన్నుగా నిలిచింది. చేరినవాళ్లకు భోజనం, బస, బట్టలతోపాటు ఏడాదికి 10 పౌండ్లు చేతికిచ్చేవారు. ఒక్కొక్కరి పనీ ప్రవర్తనా ఎలా ఉందో మేట్రన్ నెలనెలా ఒక పట్టికలో రాసేది. నిధి ఎంత ముఖ్యమో ఆ పట్టికా అంతే ముఖ్యం.

ఆ పట్టికకు ఇప్పటి రూపం లాగ్‌బుక్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 నిబంధనలతో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు ఎనిమిది సెమిస్టర్లయింది, చివరిది ఇంటర్న్‌షిప్. నేర్చుకోవాల్సిన ఒక్కో పనికీ లాగ్‌బుక్‌లో ఒక్కో వరుస ఉంటుంది. సొంతంగా చేసిందా, సాయపడిందా లేక చూసిందా అన్నది విడివిడిగా నింపాలి. చేయగలదని నమ్మకం కుదిరాకే ట్యూటర్ సంతకం పెట్టాలి.

ఆ సంతకం వెనక ఎంత పని ఉందో బీపీ చూడడంలోనే తెలుస్తుంది. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్‌లో గాలి కొట్టాలి. నాడి ఎక్కడ అందకుండా పోయిందో గుర్తుపెట్టుకుని గాలి వదిలేయాలి. కాస్త ఆగి, స్టెతస్కోప్ పెట్టి, ఆ అంకె కన్నా 30 పైకి తీసుకెళ్లి, సెకనుకు రెండు మూడు చొప్పున దించుకుంటూ రావాలి. కొత్తమ్మాయి కంగారులో స్క్రూ ఒక్కసారిగా తిప్పేస్తుంది. సూది జర్రున జారిపోతుంది. చార్టులో 120/80, 130/90, 110/70 అని రాస్తుంది. అనుభవమున్న ట్యూటర్ ఆ కాగితం చూడగానే పట్టేస్తుంది. ‘‘ఏమ్మా, వార్డంతా సున్నాలేనా? స్కేలు మీద ఒక్కో గీత రెండు కదా!’’ అని నవ్వి, రెండు జతల చెవిగొట్టాలున్న స్టెతస్కోప్ తెస్తుంది. ఒక జత అమ్మాయి చెవులకు, ఇంకొకటి తన చెవులకు. తొలి చప్పుడు వినిపించగానే ఇద్దరూ ఒకేసారి తలూపారంటే విద్య అబ్బినట్టే. అప్పుడు 126 అని రాసిన అంకెకు విలువ ఉంటుంది. దాన్ని నమ్మే డాక్టరు మందు డోసు మారుస్తారు.

ఇక డబ్బు వైపు. తెలంగాణ ప్రభుత్వ ఈ-పాస్ స్కాలర్‌షిప్పుల్లో ట్యూషన్ ఫీజుకు ఒక పద్దు, తిండికీ బసకూ మరో పద్దు ఉన్నాయి. కుటుంబ ఆదాయం నిర్ణయించిన పరిమితి దాటకూడదు. 75 శాతం హాజరుండాలి. మీసేవ నుంచి ఆదాయ ధ్రువపత్రం తేవాలి. ఫీజునూ బతుకునూ వేరువేరుగా లెక్కించిన ఆలోచన మంచిది. లోపం సమయం దగ్గర ఉంది. ప్రభుత్వం నుంచి కాలేజీలకు రావాల్సిన బకాయిలు పేరుకుపోయినప్పుడు కోర్సు ముగిసినా సర్టిఫికెట్లు చేతికి రాక ఆగిపోయినవాళ్లున్నారు. సర్టిఫికెట్ లేనిదే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేనిదే ఉద్యోగం లేదు. 1958లో తీసేసిన అడ్డమే మరో రూపంలో ఎదురవుతోంది.

లాలాపేట, నాచారం, ఉప్పల్ వైపు కాలనీ సంఘాలూ పూర్వ విద్యార్థులూ చేయగల పని ఇక్కడే ఉంది. ఈ ప్రాంతంలో లాలాగూడ రైల్వే సెంట్రల్ ఆసుపత్రి, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నాయి కాబట్టి రిటైరైన సిస్టర్లకు కొదవ ఉండకపోవచ్చు. పరీక్ష ఫీజు, యూనిఫాం, బస్ పాస్, రిజిస్ట్రేషన్ రుసుము పెద్ద మొత్తాలు కావు, కానీ వేళకు అందకపోతే చదువును ఆపేవి ఇవే. వాటిని ఈ సంఘాలు కలిసి పెట్టే ఒక నిధి చూసుకోవచ్చు. పది మందికి ఒక టీచర్ చొప్పున కాలేజీలో ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. వార్డులో ఆ పది మంది పది మంచాల దగ్గర ఉంటారు. కాలేజీ, ఆసుపత్రి ఒప్పుకుంటే నిధిలో కొంత భాగం అనుభవమున్న సిస్టర్ గౌరవ వేతనానికి పెట్టి, వారానికి రెండు పూటలు వార్డుకు పిలిపించడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన స్కాలర్‌షిప్.