గాజు పలక నంబరు నుంచి కీవర్డు దాకా

కెమెరా మీట నొక్కగానే ఫోటో అయిపోయిందనుకునే కాలం ఇది. ఫోటో ఏజెన్సీలకు బొమ్మలు పంపి పేరు తెచ్చుకున్నవాళ్లను అడిగి చూడండి, పని అప్పుడే మొదలైందంటారు. తీసిన బొమ్మలో మచ్చ తుడవాలి, వంకర సరిచేయాలి, రంగు తూచాలి. పేరు, ఊరు, తేదీ రాయాలి. ఏ దేశంలో ఉన్న సంపాదకుడు వెతికినా చేతికందేలా సాగనంపాలి. దీన్ని గుమాస్తా పని అంటే నేను ఒప్పుకోను. ఇది కళ. పైగా మన సికింద్రాబాద్‌కు నూటముప్పై ఏళ్ల కిందటే తెలిసిన కళ.

ఆ మాట ధైర్యంగా అనడానికి ఒక్క పేరు చాలు: రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేసిన ఆ మహానుభావుడు 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు. విక్టోరియా రాణి 1897లో రాచ గుర్తింపు పత్రం ఇచ్చింది. 1892లోనే హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించిన ముందుచూపు ఆయనది. ఈ ఘనతలన్నీ చాలామందికి తెలుసు. నేను దణ్ణం పెట్టేది మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోని ఇంకో పనికి.

ఆయన స్టూడియో తీసిన దృశ్యాలకు నంబరు ఉండేది, కింద పేరు ఉండేది. ఆ నంబరు చెప్పి ప్రింటు తెప్పించుకునేవారు. ఇవాళ స్టాక్ ఏజెన్సీ అంటున్నది ఇదే కదా! ఆ అక్షరాలను నెగటివ్ మీదే రాసేవారు. మసాలా పూసిన వైపు రాస్తే ప్రింటులో తారుమారై పడతాయి కాబట్టి, అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. పెళుసైన గాజు పలక మీద, ఒక్కసారి చెయ్యి జారితే బొమ్మే పాడయ్యే చోట, తిరగేసిన అక్షరాలను ముత్యాల్లా కూర్చిన ఆ చేతుల గురించి ఎవరు రాశారు? 1902లో ఆ స్టూడియో తీసిన, వైస్రాయ్ కర్జన్ దంపతులు చంపిన పులి పక్కన నిలబడ్డ ఫోటో లోకమంతా తిరిగింది. దానితో పాటు వరంగల్ జిల్లా నెక్కొండ పేరూ తిరిగింది. వైస్రాయ్‌తో సమానంగా ఒక తెలంగాణ పల్లె చరిత్రకెక్కిందంటే ఆ పుణ్యం బొమ్మ కింద రాసిన నాలుగు మాటలదే.

దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. నంబరూ పేరూ రాసి భద్రపరిచారు కాబట్టే అవి ఇవాళ చరిత్ర. రాయకుండా వదిలేసి ఉంటే పాత అద్దాల కుప్ప అయ్యేవి.

ఆయన తర్వాత మన జంటనగరాల స్టూడియోల్లో టచింగ్ చేసేవాళ్ల తరం ఒకటి బతికింది. ముఖం మీది ముడత నెగటివ్‌లో పలచగా ఉంటుంది, ప్రింటులో నల్లగా దిగుతుంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ఆ పలచని చోట చుక్కలు పెట్టి కాస్త చిక్కన చేస్తే, ప్రింటులో ముడత మెత్తబడుతుంది. ఎక్కువ పెడితే మనిషి బొమ్మలా తయారవుతాడు, తక్కువ పెడితే పెట్టనట్టే. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. వేళ్ల చివర ఉండేది. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని ఏజెన్సీకి ఫోటో సిద్ధం చేసే మంచి పనివాడు వాళ్ల వారసుడే.

ఆ పని ఎలా సాగుతుందో లష్కర్ అని మనం పిలుచుకునే సికింద్రాబాద్ బోనాల ఫోటోతోనే చెబుతాను. మన ఊరి ఫోటోగ్రాఫర్‌కు అంతకన్నా పెద్ద పరీక్ష లేదు.

మొదటి మెట్టు రా ఫైలు, అంటే కెమెరా సెన్సర్ ఇచ్చిన ముడి రూపం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 అంతరాలే ఉంటాయి. పద్నాలుగు బిట్ల రా ఫైలులో 16,384. ఉజ్జయిని మహంకాళి గుడి ముందు ఎండ మండుతుంటుంది, పందిరి కింద మసక చీకటి. ఆ రెండింటినీ ఒకే బొమ్మలో నిలబెట్టాలంటే ఈ అంతరాలే పెట్టుబడి. జేపెగ్‌లో తీసి తర్వాత వెలుగు లాగితే నీడల్లో చారలు లేస్తాయి, ఏజెన్సీ పరీక్షకుడు ఇట్టే పట్టుకుంటాడు.

రెండో మెట్టు రంగు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన బోనం కుండ కెమెరాకు గండం. ఎరుపు ఛానెల్ హద్దు దాటిపోయి కుంకుమ ఉత్త ఎర్ర మరకగా మిగులుతుంది. మొత్తం హిస్టోగ్రామ్ బాగానే కనిపిస్తుంది, ఒక్క ఎరుపులో మాత్రం వివరం చచ్చిపోయి ఉంటుంది. నేర్పరి మూడు ఛానెళ్లనూ విడివిడిగా చూస్తాడు. ఎరుపు సాంద్రత కొద్దిగా దించి కుంకుమ రేణువును మళ్లీ రప్పిస్తాడు. అమ్మవారి పసుపు నారింజగా మారకుండా వైట్ బ్యాలెన్స్ కాపాడతాడు. చివరికి ఎస్ఆర్‌జీబీ అనే ఇరుకైన రంగుల పరిధిలోకి మార్చాక మరోసారి చూస్తాడు. విశాలమైన రంగుల పరిధిలో బాగున్న ఎరుపు అక్కడికి వచ్చేసరికి ఇరుకునపడుతుంది. ఇదంతా సరైన మానిటర్ మీదే చూడాలి. క్రమాంకనం చేయని తెర మీద రంగు దిద్దడమంటే కళ్లకు గంతలు కట్టుకుని దిద్దడమే.

మూడో మెట్టు ఓపికకు పరీక్ష. బొమ్మను నూరు శాతానికి పెంచి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, మూల నుంచి మూలకు వెతకాలి. సెన్సర్ మీద చేరిన దుమ్ము ఆకాశంలో బూడిద రంగు చుక్కగా పడుతుంది. ఎఫ్16 లాంటి చిన్న రంధ్రంతో తీస్తే మరీ స్పష్టంగా తేలుతుంది. క్లాక్ టవర్ అంచు వెంట, తెల్లని ఆకాశానికి ఆనిన చోట, ఊదా రంగు గీత కనిపిస్తుంది. అది లెన్స్ లోపం, తీసేయాలి. కింది నుంచి తీసిన టవర్ వెనక్కి వాలినట్టుంటే నిలువు సరిచేయాలి. రాత్రి ఫలహారం బళ్ల ఊరేగింపులో ఐఎస్ఓ పెంచక తప్పదు, నాయిస్ రాక తప్పదు. దాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని చివరిదాకా తోస్తే పోతరాజు ఒంటి మీది పసుపు పొర పెయింటులా, చర్మం ప్లాస్టిక్‌లా మారుతుంది. టచింగ్ పెద్దల కొలత ఇక్కడ గుర్తుకు రావాలి: చేసినట్టు కనపడకూడదు. షార్పెనింగ్ కూడా చిటికెడే. ఆ బొమ్మ తపాలా బిళ్లంత అచ్చవుతుందో, హోర్డింగ్ ఎక్కుతుందో కొనేవాడికే తెలుసు. అతనే ఆ కొలతకు పదును పెట్టుకుంటాడు.

పరిమాణం సంగతి రెండు ముక్కల్లో తేలుతుంది. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్ ఏజెన్సీలు రెండూ కనీసం నాలుగు మెగాపిక్సెళ్లు అడుగుతాయి. చిన్న బొమ్మను సాగదీసి పంపకూడదు. ఒకే దృశ్యం ఇరవై సార్లు తీసి ఇరవైనీ పంపకూడదు. ఒక్కటి ఎంచి పందొమ్మిది వదిలే గుండె ఉన్నవాడే ఫోటోగ్రాఫర్.

చట్టం మెట్టు దగ్గర చాలామంది బోర్లాపడతారు. ప్రకటనలకు వాడే కమర్షియల్ ఫోటో అయితే గుర్తుపట్టగలిగే ప్రతి ముఖానికీ సంతకం చేసిన మోడల్ రిలీజ్ కావాలి. పిల్లలైతే తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి. మోండా మార్కెట్‌లో కూరగాయల బుట్టల వెనక కనిపించే కంపెనీ పేర్లు, బస్తాల మీది గుర్తులు చెరిపేయాలి. అదే వార్తలకు వాడే ఎడిటోరియల్ ఫోటో అయితే ఒక్క అక్షరం కూడా చెరపరాదు. ఉన్నది ఉన్నట్టు చూపడమే దాని ధర్మం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తీసినవాడే ఫోటోకు కర్త. అయితే ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. కాబట్టి అన్నలారా, డబ్బు తీసుకుని తీసిన పెళ్లి ఫోటోలను అడక్కుండా ఏజెన్సీకి ఎక్కించకండి.

ఇక అన్నిటికీ మించిన మెట్టు, దీన్‌దయాళ్ మెట్టు: శీర్షిక, కీవర్డులు. అడోబీలో 49, షట్టర్‌స్టాక్‌లో 50 దాకా కీవర్డులు ఇవ్వవచ్చు. అడోబీలో మొదటి పదే ఎక్కువ బరువు మోస్తాయి. ఎడిటోరియల్ శీర్షికలో ముందు ఊరు, దేశం, తేదీ, ఆ తర్వాత ఏం జరుగుతోందో రాయాలి. ఈ సమాచారం ఐపీటీసీ పద్ధతిలో ఫైలు లోపలే ఇమిడి బొమ్మతో పాటే తిరుగుతుంది. గాజు మీద తిరగేసి రాసిన అక్షరాలకు ఇది నేటి రూపం. మరి మనవాళ్లు రాస్తున్నదేమిటి? 'ఇండియన్ ఫెస్టివల్', 'ట్రెడిషనల్ వుమన్', 'కలర్‌ఫుల్'! బోనం అనరు, పోతరాజు అనరు, తొట్టెల అనరు, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే రంగం అనరు. సికింద్రాబాద్ అని కూడా రాయరు. నెక్కొండకు దక్కిన గౌరవం లష్కర్‌కు దక్కకుండా చేస్తున్నది మనమే.

వరంగల్ బిడ్డ గుడిమల్ల భరత్ భూషణ్ బతుకమ్మనూ తెలంగాణ పల్లె బతుకునూ దశాబ్దాల పాటు కెమెరాలో దాచిపెట్టి 2022లో మనల్ని వదిలి వెళ్లారు. ఆయన బొమ్మ చూస్తే ఇది ఫలానా నేల అని ఎవరూ చెప్పనక్కర్లేదు. అంతటి నిక్కచ్చితనం మన ఫోటోల్లోనే కాదు, వాటి కింద రాసే మాటల్లోనూ ఉండాలి.

ఈ కళకు దక్కుతున్న ఫలితం చూస్తే మాత్రం కడుపు మండుతుంది. 2000లో ఐస్టాక్, 2003లో షట్టర్‌స్టాక్ వచ్చినప్పుడు చిన్న ఊరి ఫోటోగ్రాఫర్‌కు ప్రపంచం తలుపు తీసిందని మురిశాం. 2020 జూన్‌లో షట్టర్‌స్టాక్ కొత్త చెల్లింపులు తెచ్చి, ఒక బొమ్మ అమ్ముడైతే కనీసం పది సెంట్లు అంది. అంతకుముందు అది పాతిక సెంట్లు. పైగా ఏడాది తిరగ్గానే అందరూ మళ్లీ కింది మెట్టు నుంచే ఎక్కాలట! పొద్దున్నుంచి రాత్రి దాకా ఊరేగింపు వెంట నడిచి, తెల్లవార్లూ ఎరుపు ఛానెల్‌తో కుస్తీ పట్టినవాడి కష్టానికి కట్టిన వెల అది.

అది చాలదన్నట్టు యంత్రం పుట్టించిన బొమ్మలొచ్చాయి. గెటీ ఇమేజెస్ 2022 సెప్టెంబరులో వాటికి తలుపు మూసింది, శభాష్ అంటాను. అదే ఏడాది డిసెంబరులో అడోబీ స్టాక్ గుర్తు వేసి పంపమంటూ తలుపు తెరిచింది. నేను చూసిన అలాంటి 'బోనాల' బొమ్మల్లో కుండకు వేపాకు లేదు, పైన దీపం లేదు, పోతరాజు చేతిలో కొరడా లేదు. జరగని పండుగకు, పుట్టని మనుషులకు, లేని వీధికి రంగులద్దితే ఫోటో అవుతుందా? రేపు ఏ పాఠ్యపుస్తకంలోనో అది అచ్చయితే మన పిల్లలు అదే బోనమనుకుంటారు. నిజమైన ఫోటో సంగతి వేరు. 1874 నుంచి రైళ్లు చూసిన సికింద్రాబాద్ స్టేషన్‌కు కొత్త కట్టడం కోసం పాత భవనాన్ని 2025లో పడగొట్టారు. దాన్ని నమ్మకంగా తీసి, తేదీ రాసి, ఏజెన్సీలో పెట్టినవాళ్ల బొమ్మే ఇక సాక్ష్యం. ఆ సాక్ష్యం ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఎందుకంటే యంత్రం అక్కడ లేదు.

అందుకే అడుగుతున్నాను. తెలుగు పత్రికల సంపాదకులారా, గూగుల్‌లో దొరికింది అతికించడం మానండి. ఫోటో కొనండి, కింద తీసినవారి పేరు వేయండి. మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ చెప్పే గురువులారా, లెన్స్‌తో పాటు శీర్షిక రాయడం కూడా పాఠంగా పెట్టండి. పర్యాటక శాఖవారు పోటీలు పెట్టి ఉచితంగా బొమ్మలు పోగుచేయడం ఆపి, మన ఫోటోగ్రాఫర్లకు న్యాయమైన వాటా ఇచ్చే తెలుగువాళ్ల ఏజెన్సీకి దన్నుగా నిలవాలి. ఇక తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ఆషాఢంలో మీరు పంపే ప్రతి ఫైలులో బోనాన్ని బోనమనే రాయండి, లష్కర్‌ను లష్కర్ అనే రాయండి, తేదీ వేయండి. ధర ఇవాళ పది సెంట్లే కావచ్చు. నిజం రాసిన బొమ్మకు గిరాకీ తగ్గదు. నూట ముప్పై ఏళ్ల కిందటి మన ఊరి స్టూడియో దాన్ని రుజువు చేసింది, మళ్లీ రుజువు చేయాల్సింది మీరు.