బ్రాకెట్లో మిగిలిన వంత

పరిశోధన రోజుల్లో కర్నూలు జిల్లా ఆలూరు దగ్గరి పల్లెలో జంగం కథ రికార్డు చేశాను. తంబురా పట్టి ఆయన కథ చెబుతున్నాడు. చెరో పక్కన గుమ్మెటలతో ఇద్దరు ఆడవాళ్లు. ఆయన ప్రతి మాటా రాసుకున్నాను. వాళ్ల దగ్గర మాత్రం బ్రాకెట్లో ‘వంత’ అని పెట్టి ఊరుకున్నాను. నా సిద్ధాంత గ్రంథంలోనూ అంతే.

ఈమధ్య ఆ టేపు మళ్లీ విన్నాను. ఒకచోట ఆయన చరణం మరిచి ఆగాడు. ఒకామె ‘తందాన’ను ఇంకో రెండుసార్లు తిప్పింది. రెండో ఆమె అందుకుంది: “రాజు యుద్ధానికి పోయె సరే, సద్ది ఎవరు కట్టిరి?” జనం నవ్వారు. ఆ నవ్వులో ఆయనకు దారి దొరికింది. ఆశువు అంటే ఇదే కదా! దాన్ని నేను ఎవరి ఖాతాలో వేశాను?

1966లో లండన్‌లో పుట్టిన క్రీమ్ కూడా ముగ్గురి బృందమే. వేదికమీద అప్పటికప్పుడు పాటను పెంచుకుపోయేవాళ్లు. గిటారు క్లాప్టన్‌తో పాటు బాస్ వాయించిన జాక్ బ్రూస్, డ్రమ్స్ వాయించిన జింజర్ బేకర్ పేర్లూ చరిత్రలో నిలిచాయి.

మన ఆడవాళ్లకూ పేర్లు నిలిచాయి, కథ తామే నడిపినప్పుడు. 1940లలో ప్రజానాట్యమండలిలో మోటూరు ఉదయం మహిళా బుర్రకథ దళాన్ని నడిపింది. ఆలూరు దాటితే బళ్లారి. ఆ జిల్లాకు చెందిన, 2014లో కన్నుమూసిన దరోజి ఈరమ్మ చదువు రాకుండానే కావ్యాలకు కావ్యాలు గుర్తుంచుకుని పాడింది. మరి తంబురా చేతికి రానివాళ్ల మాటేమిటి?

ఆ పుటలు మళ్లీ రాస్తున్నాను. బ్రాకెట్లు తీసేశాను. ఆ ఇద్దరి పేర్లు ఆనాడు నేను అడగనేలేదు.