శివారుకు అందాల్సిన కరెంటు

పాత ట్రక్కులున్న నలుగురం ఒకచోట చేరితే ఆల్టర్నేటర్ ప్రస్తావన రాకుండా ఉండదు. ఎన్ని ఆంపియర్లది వేశావన్నదే మొదటి ప్రశ్న. వంద అంటాడొకడు, నూటనలభై అంటాడింకొకడు. నాకు మాత్రం దాని వెనక బిగించిన వైరును చూడాలనిపిస్తుంది. అక్కడ యాభై ఏళ్ల నాటి సన్న వైరే ఉంటే, ఎంత పెద్ద ఆల్టర్నేటర్ తెచ్చినా బండికి ఒరిగేది కొంచెమే. నిప్పంటుకునే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

టెక్సస్‌లో నేను నడిపేది 1971 నాటి షెవ్రొలే సీ10. ఆ కాలంలో దానికి కంపెనీ మామూలుగా ఇచ్చింది 37 ఆంపియర్ల ఆల్టర్నేటర్. హెడ్‌లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాను, రేడియో మాత్రమే ఉన్న బండికి అది చాలేది. అంతకు పదేళ్ల ముందు దాకా డైనమోలదే రాజ్యం. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదిస్తే డైనమో చార్జింగ్ దాదాపు ఆగిపోయి, లైట్ల భారమంతా బ్యాటరీ మీద పడేది. సిలికాన్ డయోడ్లు చవకయ్యాక పరిస్థితి మారింది. క్రైస్లర్ 1960లో వేలియంట్ కారుకు ఆల్టర్నేటర్ పెట్టింది. 1963 నాటికి జనరల్ మోటార్స్ కూడా అదే దారి పట్టింది.

రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాను, క్యాబిన్‌కు ఏసీ పెట్టాక నా బండికి 37 చాలదు. అదే బ్రాకెట్‌లో కూర్చునే 94 ఆంపియర్ల 12ఎస్ఐ ఆల్టర్నేటర్ ఎంచుకున్నాను. అంతకన్నా పెద్దది వద్దనుకోవడానికి కారణం బెల్టు. 94 ఆంపియర్లు పూర్తిగా లాగితేనే ఇంజన్ నుంచి మూడు హార్స్‌పవర్‌కు పైగా పోతుంది. అంత బలాన్ని ఒంటి వీ-బెల్టు జారకుండా మోయాలి.

అసలు లెక్క వైరులో ఉంది. అమెరికా కొలతలో గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 12 గేజి రాగి వైరులో 60 ఆంపియర్లు ఎనిమిది అడుగులు ప్రయాణించేసరికి దాదాపు 0.8 వోల్టు దారిలోనే వేడిగా మారిపోతుంది. 6 గేజి వేస్తే పోయేది 0.2 వోల్టు. ఒక వోల్టులోపు నష్టాన్ని పట్టించుకోవాలా అంటే, తప్పక పట్టించుకోవాలి. హెడ్‌లైటుకు అందే వోల్టేజి పది శాతం పడిపోతే వెలుతురు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. పైగా పాత బండ్లలో ఆ కరెంటంతా డ్యాష్‌బోర్డు మీది స్విచ్చి గుండా వెళ్లి వస్తుంది. అందుకే బ్యాటరీ పక్కనే రెండు రిలేలు పెట్టి, స్విచ్చికి వాటిని కలిపే పని ఒక్కటే మిగిల్చాను. బల్బులు మార్చలేదు. అయినా వాటి వెలుగులోని పసుపుదనం పోయింది.

ఈ పనిలో నాకు అత్యంత ఇష్టమైనది ఆల్టర్నేటర్ వెనక రెండో టెర్మినల్‌కు వెళ్లే చిన్న వైరు. దాన్నిప్పుడు చాలామంది కత్తిరించేస్తున్నారు. ఒకే వైరుతో పనిచేసే ఆల్టర్నేటర్లు దొరుకుతున్నాయి, బిగించడం తేలిక. కానీ అవి వోల్టేజిని తమ దగ్గరే కొలుచుకుంటాయి. షెవ్రొలే ఇంజనీర్లు ఆ కొలతను బండికంతటికీ కరెంటు పంచే కూడలి దగ్గర తీసుకున్నారు. డెల్టాలో శివారు పొలానికి నీళ్లందాయో లేదో చూసి తూము ఎత్తడం లాంటిది ఇది. తూము దగ్గర మట్టం చూసి సరిపోయిందనుకుంటే శివారు ఎండిపోతుంది. కూడలిలో వోల్టేజి పడితే ఆ చిన్న వైరు ఆ సంగతి చెబుతుంది, ఆల్టర్నేటర్ ఆ మేరకు పెంచుతుంది. పాత రెగ్యులేటర్ తీసేసినప్పుడు దాని ప్లగ్గులోని నాలుగు వైర్లను రెండు జతలుగా కలిపితే చాలు, కంపెనీ వేసిన ఆ దారి చెక్కుచెదరదు. ఒక జత ఈ కొలత కోసం, రెండోది చార్జింగ్ మొదలుపెట్టడానికి. రెండో జతలో వార్నింగ్ బల్బు గానీ రెసిస్టర్ గానీ తప్పనిసరి. లేకపోతే తాళం తీసినా కరెంటు వెనక్కి వచ్చి ఇంజన్ ఆగదు.

వైరింగు విప్పితే బండి చరిత్రంతా కనిపిస్తుంది. పాత యజమానులెవరో మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లన్నీ తీసేశాను. టంకం పెట్టిన జాయింటు గట్టిదని మనకు నమ్మకం. కదలని చోట అది నిజమే. ట్రక్కులో మాత్రం టంకం పాకినంత మేరా వైరు బిరుసెక్కి, అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. సరైన పనిముట్టుతో లగ్గు నొక్కి, పైన జిగురున్న ష్రింక్ ట్యూబు వేయడమే మేలు. లావు వైరుకు బ్యాటరీ వైపు చివర ఫ్యూజిబుల్ లింకు ఉండాలి, అదీ ఆ వైరుకన్నా గేజిలో నాలుగు అంకెలు సన్నది. ఎక్కడన్నా షార్టయితే ముందు అదే కరిగిపోయి మిగతా వైరింగును కాపాడుతుంది.

ఎర్తు గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కు మూడు తీగలు, ప్రతి చివరా పెయింటు గీకి మెరిసే ఇనుము మీద బిగించాలి. వెళ్లిన కరెంటు తిరిగి రావాల్సింది వాటి గుండానే.

లావు వైరు వేశాక డ్యాష్‌బోర్డు మీది అమ్మీటర్ ముల్లు కదలడం దాదాపు మానేసింది. షెవ్రొలేలో అమ్మీటర్ కరెంటును నేరుగా కొలవదు. ఆ పాత సన్న వైరులో పోయే వోల్టేజినే కొలిచి చూపిస్తుంది. నష్టం తగ్గింది కనుక దానికి చూపించడానికేమీ లేదు. మిత్రులు దాన్ని పీకేయమన్నారు. నేను ఉంచాను, స్టీరింగు కింద చిన్న వోల్ట్‌మీటర్ బిగించాను. ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే అది 13.9 చూపిస్తోంది.